క్షిపణి రక్షణాయుధముల కొనుగోలు - మన భాగ్యనగరము

ఆకసమున వచ్చు శత్రువిమానములను, క్షిపణులను నేలకు చేరకమునుపే కూల్చివేయు సాధనమునకు క్షిపణి రక్షణ వ్యవస్థ యని పేరు. ఇది తుపాకివలె నొక్క వస్తువు కాదు. దూరమునుండి వచ్చుదానిని పసిగట్టు రాడారు, అది యే క్షణమున నెచ్చట నుండునో లెక్కగట్టు గణకయంత్రము, ఆజ్ఞ నిచ్చు బండి, క్షిపణిని విడుచు బండి - ఇవి యన్నియు నొకే దేహమందలి యవయవములవలె గూడి పనిచేయవలయును. కావున దీనిని కొనుట సంతలో ధాన్యము కొనుటవంటిది కాదు. ఒకమారు కొన్నవాడు అటుపిమ్మట ననేక సంవత్సరములు విడిభాగములకును, మరమ్మతులకును, సిబ్బంది శిక్షణకును అమ్మినవాని గుమ్మము త్రొక్కుచునే యుండవలెను. ఈ బేరమున ధరకన్న రాజనీతికే ప్రాధాన్యమెక్కువ.

ఇందులకు మంచి తార్కాణము ఎస్-400 కథ. 2018 అక్టోబరులో రష్యా అధ్యక్షుడు పుతిన్ ఢిల్లీకి వచ్చినపుడు, సుమారు 543 కోట్ల డాలర్లకు అయిదు దళముల ఎస్-400 వ్యవస్థలను కొనుటకు మన ప్రభుత్వ మొడంబడిక చేసికొనెను. దీని క్షిపణులలో మిక్కిలి దూరము పోవునది 400 కిలోమీటర్లవరకు లక్ష్యమును ఛేదింపగలదు. అయితే అంతకుముందే, 2017 ఆగస్టులో, అమెరికా కాట్సా యను శాసనమును చేసియుండెను. రష్యావద్ద పెద్దయెత్తున ఆయుధములు కొన్నవారిని శిక్షించుట అందలి యొక యుద్దేశము. మన యొప్పందమునకు ముందటి నెలలోనే చైనా సైనికశాఖ యొకటి ఎస్-400 కొన్నందులకు ఆ శాసనము వాతబడెను. టర్కీ అమెరికాకు నాటో కూటమిలో మిత్రదేశమే. అయినను 2019 జూలైలో రష్యా సామగ్రి తన గడ్డపై దిగినంతనే ఎఫ్-35 విమానముల కార్యక్రమమునుండి వెలివేయబడి, 2020 డిసెంబరులో ఆంక్షలకును గురియయ్యెను. మనకు 2021 డిసెంబరునాటికి మొదటి సరకు చేరుచుండెను. మనపై ఆ శాసనము ప్రయోగింపబడలేదు. దయచేత గాదు సుమా! ఆసియాలో చైనాకు సరితూగు దేశము అమెరికాకు కావలెను. అదిగాక మనము వారివద్ద విమానములను, ఫిరంగులను కొనుచునే యున్నాము. శాసన మొక్కటే, తీర్పులు మాత్రము మూడు విధములు.

ఢిల్లీలో జరిగిన యీ బేరముతో హైదరాబాదునకు పనియేమని కొందరడుగవచ్చును. ఈ నగరమునకు రెండు ముఖములు గలవు. పడమట మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములందు హైటెక్ సిటీయు, దానిచుట్టు పెరిగిన సైబరాబాదును ఉన్నవి. అచ్చట మైక్రోసాఫ్టు, అమెజాను మొదలగు అమెరికా కంపెనీల విశాలభవనములలో వేలకొలది మన యువకులు జీవనము గడుపుచున్నారు. ఆగ్నేయమున కంచన్‌బాగ్, ఇమారత్ ప్రాంతములందు క్షిపణులు పుట్టుచున్నవి: రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల, 1970లో స్థాపింపబడిన భారత్ డైనమిక్స్ కర్మాగారము, ఇమారత్ పరిశోధనకేంద్రము అచ్చటనే యున్నవి. ఒకే యింటిలో అన్న అమెరికా కంపెనీలోను, తమ్ముడు కంచన్‌బాగ్‌లోను పనిచేయుట యిచ్చట వింత గాదు. వాషింగ్టనుకు కోపము వచ్చినచో ఆ యింట నిద్రపట్టునా?

అట్టి కోపము ఒకమారు వచ్చినది. 1998 మే నెలలో పోఖ్రాను అణుపరీక్షలు జరిగెను. ఆ నవంబరులోనే హైటెక్ సిటీని ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిరి. ఆ నవంబరులోనే అమెరికా మన రక్షణ సంస్థలను పెక్కింటిని నిషిద్ధపట్టికలో చేర్చెను. పడమటి వీథికి స్వాగతము, తూర్పు వీథికి బహిష్కారము! కంచన్‌బాగ్ ప్రయోగశాలయు, భారత్ డైనమిక్సును ఆ పట్టికనుండి 2011 జనవరిలోగాని తొలగింపబడలేదు.

బయట దొరకనిదానిని ఇంట చేసికొనుటకు ఈ నగరము చాలకాలముగా పాటుపడుచున్నది. 1970 దశకములో సోవియట్టువారి విమానవిధ్వంసక క్షిపణి నొకదానిని విప్పి, ముక్కముక్కగా పరిశీలించి, అటువంటిదానిని చేయుటకు 'డెవిల్' అను పథకము నడచినది. క్షిపణి సిద్ధింపలేదు గాని ఆ శ్రమలో పుట్టిన ద్రవేంధన యంత్రము పిమ్మట 1988లో ఎగిరిన పృథ్వికి అక్కరకు వచ్చెను. 1983లో అబ్దుల్ కలాముగారి నేతృత్వమున సమగ్ర క్షిపణి పథకము మొదలయ్యెను. అందు ఆకాశ్ నెగ్గినది. నౌకలను గాపాడవలసిన త్రిశూల్ తడబడినది. త్రిశూల్ అందివచ్చువరకు నౌకలు వేచియుండజాలవు గదా; కావున 2000లో ఇజ్రాయెలునుండి బరాక్ క్షిపణులను కొనవలసివచ్చెను. స్వదేశీయతను గూర్చి ఉపన్యసించువారు ఈ త్రిశూల్ కథను సాధారణముగా చెప్పరు.

అయితే ఆ కొనుగోలుతర్వాత మరియొక మార్గము తెరువబడినది. ఇజ్రాయెలుతో గలిసి, సుమారు 70 కిలోమీటర్లు పోవు మధ్యశ్రేణి క్షిపణి తయారయ్యెను. రెండుమారులు మండు దాని రాకెట్టు యంత్రమును మనవారే నిర్మించిరి. క్షిపణులను భారత్ డైనమిక్సువారు కూర్చుచున్నారు. 2021 సెప్టెంబరులో ఇది జైసల్మీరువద్ద వాయుసేనలో చేరినది. పూర్తిగా కొనుటకును, పూర్తిగా చేసికొనుటకును నడుమనున్న యీ దారియే మనవంటి దేశమునకు మేలని నాకు తోచుచున్నది.

2025 మే నెలలో పాకిస్తానుతో జరిగిన నాలుగు దినముల పోరులో ఎస్-400, ఆకాశ్ రెండును పనిచేసెను. ఎస్-400 సాయమున అయిదు యుద్ధవిమానములను, మరియొక పెద్ద విమానమును కూల్చితిమని ఆ ఆగస్టులో మన వాయుసేనాధిపతి ప్రకటించిరి. పాకిస్తాను దానిని నిరాకరించెను. ఆయుధము మంచిదే. కాని 2022లో యుక్రెయిను యుద్ధ మారంభమైనందున, 2023 లోపల రావలసిన అయిదు దళములలో రెండు ఆ పోరునాటికి కూడ మనకు చేరలేదు. అమ్మినవానికే యుద్ధము వచ్చినపుడు కొన్నవాడేమి చేయగలడు?

2025 ఆగస్టు 23న ఒడిశా తీరమున ఒక స్వదేశీ రక్షణ వ్యవస్థను పరీక్షించిరి. అందు అతిసమీప క్షిపణిని ఇమారత్ కేంద్రమును, కాంతిశక్తితో కాల్చు సాధనమును హైదరాబాదులోనే యున్న మరియొక ప్రయోగశాలయు రూపొందించెను. మొత్తమునకు పెత్తనము కంచన్‌బాగ్ ప్రయోగశాలది. ఆకాశ్‌ను మిత్రదేశములకు విక్రయించుటకు కేంద్ర మంత్రివర్గము 2020 డిసెంబరులోనే అనుమతి నొసగియున్నది. దానిని కొనువారు ఇకమీదట విడిభాగములకై కంచన్‌బాగ్ గుమ్మము త్రొక్కవలసియుండును.