మాత్రకు తోడు ఒక ముద్ద

"సిస్టరమ్మా, మాత్ర మింగల్లంటే ముందు కడుపులో ఇంత సంగటి పడల్ల కదమ్మా!"

క్షయ వ్యాధికి మందులు వాడుతున్న ఒక పెద్దావిడ మా ఓ.పి.లో అన్న మాట ఇది. రెండు వారాల క్రితం ఇచ్చిన మాత్రలు సగానికి పైగా అట్లే మిగిలాయి. బరువు కూడా తగ్గింది. మేము ఆమెను గట్టిగానే మందలించాము. జవాబు విన్నాక మాకే సిగ్గేసింది. కొడుకు, కోడలు పనికోసం బెంగళూరు పోయారు. కోటా బియ్యం ఇంట్లో ఉన్నాయి, కానీ లేచి పొయ్యి ముట్టించే ఓపిక లేదు. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే వాంతి వస్తోందని ఆమె మానేసింది.

ఆ వారమే మన సంఘ స్త్రీలు నలుగురు ముందుకు వచ్చారు. వంతులవారీగా మధ్యాహ్నం క్యారియర్ తీసుకుపోవడం మొదలుపెట్టారు. నేడు ఆమె మాత్రలు తప్పడం లేదు.

మన అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. చెనిక్కాయ పంట పోయినప్పుడల్లా పల్లెల నుండి కుటుంబాలు పట్నం చేరుతాయి. వయసులో ఉన్నవారు ఇంకా దూరం పోతారు. ముసలివారు, రోగులు ఒక్క గది బాడుగ ఇంట్లో మిగిలిపోతారు.

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం రాయలసీమకు కొత్త కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి అన్నం పెట్టి ప్రాణాలు నిలిపారు. 1952 కరువులో ఊరూరా గంజి కేంద్రాలు నడిచాయి. 2018లో ప్రారంభమై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకే భోజనం దొరుకుతుంది. అయితే క్యాంటీన్ దాకా నడవలేనివారి సంగతి ఏమిటి? వారికి అన్నమే గడప దాకా రావాలి.

ఆహారం మందుకు ఎంత బలమో చూడండి. 2019 నుండి 2022 వరకు జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు బియ్యం, పప్పు వంటివి ఇచ్చి పరిశీలించారు. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆహారం అందిన ఇళ్లలో మిగతావారికి క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన రోగులలో మరణాలు బాగా తక్కువగా ఉన్నాయి. క్షయ రోగులకు పోషణ కోసం ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరు నుండి దానిని 1000 చేసింది. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద ఎవరైనా ఒక రోగికి ఆహారపు బుట్ట ఇవ్వవచ్చు.

మా పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. ఒక ఆదివారం ఆరాధన ఆలస్యమై క్యారియర్ గంటన్నర వెనుకపడింది. ఇన్సులిన్ వాడే ఒక పెద్దాయన అన్నం వస్తుందనే ధైర్యంతో సూది ముందే వేసుకున్నాడు. మన వారు చేరేసరికి చెమటలు పట్టి, మాట తడబడుతోంది. వెంటనే చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తెచ్చారు. దేవుని దయవల్ల కోలుకున్నాడు. కానీ ఒకరు మన క్యారియర్‌ను నమ్ముకున్నారంటే, ఆ వేళ కూడా మందులో భాగమేనని ఆ రోజు తెలుసుకున్నాము.

క్యారియర్ తీసుకుపోయేవారు ఈ విషయాలు గుర్తుంచుకోండి:

1. సబ్బుతో చేతులు కడుక్కుని వండండి. వేడిగా సర్దండి. రాత్రి మిగిలినది పంపవద్దు.

2. ఇన్సులిన్ వాడేవారు అన్నం చేతికి అందాకే సూది వేసుకోవాలి. ఆలస్యమైతే ముందే ఫోన్ చేయండి.

3. బి.పి. ఉన్నవారికి ఉప్పు తగ్గించండి. ఊరగాయ, అప్పడం వద్దు.

4. పళ్లు లేనివారికి మెత్తని సంగటి, పప్పు, ఆకుకూర మంచివి. క్షయ రోగికి గుడ్డు, చెనిక్కాయ ఊరిబిండి బలం.

5. క్షయ రోగి ఇంట్లో తలుపు, కిటికీ తెరిచి ఉంచండి. మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో బయట అరుగు మీద కూర్చోవడం మేలు.

6. గిన్నె ఇచ్చి వెంటనే తిరిగి రావద్దు. తినేదాకా కూర్చోండి. కాళ్ల వాపు, జ్వరం, మిగిలిపోయిన మాత్రలు కనబడితే మాకు తెలపండి.

ఈ చివరి మాటే ముఖ్యము. రోజంతా పలకరించే మనిషి లేని ఇంట్లో ఆ పది నిమిషాలే చాలామంది ఎదురుచూసేది. "ఈ పొద్దు ఎవరొస్తారమ్మా?" అని ముందే అడుగుతారట.

మీ వీధిలో పొయ్యి వెలగని ఇల్లు ఉంటే ఓ.పి.లోని సిస్టర్‌కు చెప్పండి. వారానికి ఒక్క పూట వండగలిగిన ఇల్లు కూడా మాకు అవసరమే. ఏడు ఇళ్లు కలిస్తే ఒకరికి వారమంతా అన్నం.