ముట్లుడిగాక రక్తస్రావం: కోత కన్నా ముందు ముక్క పరీక్ష

నెలసరి ఆగి 12 నెలలు దాటాక ఒక్క మరక కనబడినా డాక్టరుకు చూపించుకోవాలి. మన ఇళ్లలో మాత్రం దానికి ముందు చాలా వైద్యాలు నడుస్తాయి.

అపోహ: వేడి చేసిందంతే, మజ్జిగ తాగితే తగ్గుతుంది.

వాస్తవం: ఇలా రక్తం కనబడినవారిలో నూటికి సుమారు తొమ్మిదిమందికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ బయటపడుతుంది. మిగతావాళ్లలో చాలామందికి కారణం ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గి పొర పలచబడటమో, పాలిపో (పొర మీద పెరిగే చిన్న కండ). కొంచెమే పడిందన్న ధైర్యం పనికిరాదు.

అపోహ: పాప్ స్మియర్ బాగానే వచ్చిందిగా!

వాస్తవం: అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. లోపలి పొర సంగతి అందులో తేలదు.

అపోహ: బయాప్సీ (ముక్క పరీక్ష) అంటే ఆపరేషనే.

వాస్తవం: సుమారు 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని లోపలికి పంపి, అందులోని కడ్డీని వెనక్కి లాగుతారు. ఆ పీల్పుకు పొర తునకలు గొట్టంలోకి వస్తాయి. ఓపీలోనే, మామూలుగా మత్తు లేకుండానే, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నొప్పే ఉండదనే మాట మాత్రం నమ్మకండి. నెలసరి నాటి పోటులా వస్తుంది, కొందరికి గట్టిగానే. నొప్పి మాత్ర సంగతి ముందే అడగండి. ముఖద్వారం బిగుసుకుపోయి గొట్టం దూరకపోతే మత్తిచ్చి హిస్టరోస్కోపీ (సన్నని కెమెరా గొట్టంతో గర్భసంచి లోపల చూసే పరీక్ష) చేస్తారు.

అపోహ: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: ఈ పరీక్ష వల్ల జబ్బు ముదురుతుందనడానికి ఆధారం లేదు. జబ్బు ఉండి పరీక్ష వాయిదా వేస్తే మాత్రం ముదరవచ్చు.

అపోహ: స్కానులో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటలేదు, ఇక బయాప్సీ దండగ.

వాస్తవం: ఇది సగం నిజం. మొదటిసారి రక్తస్రావమైతే చాలామందికి స్కాన్ సరిపోతుంది. మళ్లీ మళ్లీ అవుతుంటే పొర పలచగా ఉన్నా ముక్క తీయాలి. బయాప్సీ బాగుందన్నాకా రక్తం ఆగకపోతే హిస్టరోస్కోపీ అవసరం. బయాప్సీ గొట్టాన్ని లోపల చూడకుండానే తిప్పుతారు కనుక, ఓ మూలనున్న పాలిప్ దానికి చిక్కకపోవచ్చు.

అపోహ: పిల్లలు పెద్దవాళ్లయ్యారు, గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది.

వాస్తవం: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ఈ తొందర అలవాటైపోయింది. పొర పలచబడటమే కారణమైతే ఆ ఆపరేషన్ అక్కర్లేదు. క్యాన్సరైతే గర్భసంచి ఒక్కటే తీస్తే చాలకపోవచ్చు. మామూలుగా అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు కూడా తీయాలి, లింఫ్ గ్రంథులు చూడాలి. అందుకే బయాప్సీ రిపోర్టు రాకముందే ఆపరేషన్ తేదీ ఇస్తే, ఎందుకని అడగండి.