కెమెరాలో ‘స్టెబిలైజేషన్’: ఏ మసకను ఆపుతుంది, దేన్ని ఆపలేదు?

సూరత్: ఇక్కడి లింబాయత్ తదితర ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతోంది. భాద్రపద అమావాస్యతో ఈ వాడల్లో బతుకమ్మ మొదలవుతుంది; ఆ మరునాటి నుంచే నగరమంతటా నవరాత్రి గర్బా సాగుతుంది. చీకటి పడ్డాక, వీధి దీపాల వెలుగులో, చప్పట్లు చరుస్తూ తిరిగే మనుషులను ఫొటో తీయడం ఏ చిన్న కెమెరాకైనా కఠిన పరీక్షే. పండుగ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఊళ్లోని పెద్దలకు పంపవలసిన ఫొటో మసకబారితే మళ్లీ తీసే అవకాశం ఉండదు.

కాంపాక్ట్ కెమెరా పెట్టెపై ‘ఇమేజ్ స్టెబిలైజేషన్’ అన్న మాట చూడగానే ఈ ఇబ్బంది తీరినట్లేనని కొనుగోలుదారులు భావించడం సహజం. అది సగమే నిజం. ఈ సదుపాయం ఫొటో తీసేవారి చేతి వణుకు వల్ల కలిగే మసకను తగ్గిస్తుంది. ఎదుటి మనిషి కదలిక వల్ల కలిగే మసకపై దాని ప్రభావం ఏమీ ఉండదు. కెమెరా ఎంపికలో మొదట గ్రహించవలసిన తేడా ఇదే.

పనిచేసే తీరు

వెలుతురు తగ్గినప్పుడు కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కొద్ది వ్యవధిలో చెయ్యి కదిలితే బింబం సెన్సర్‌పై జారి, గీతలా సాగుతుంది. దీన్ని అడ్డుకునేందుకు కెమెరాలోని గైరో సెన్సర్లు కుదుపు దిశను, వేగాన్ని పసిగడతాయి. వెంటనే సూక్ష్మ మోటార్లు కటకంలోని ఒక భాగాన్ని గానీ, సెన్సర్‌ను గానీ తగిన మేర కదిలించి బింబాన్ని యథాస్థానంలో నిలుపుతాయి. 1994లో నికాన్ జూమ్ 700వీఆర్ అనే ఫిల్మ్ కాంపాక్ట్ కెమెరాలో కంపన నివారణ ఏర్పాటు కనిపించింది. సెన్సర్‌నే కదిలించే పద్ధతి 2003లో మినోల్టా డిమాజ్ ఏ1తో వచ్చింది.

పెట్టెపై కనిపించే మాట ఒకటే అయినా పద్ధతులు వేర్వేరు. కటకాన్ని కదిలించేది ‘ఆప్టికల్’, సెన్సర్‌ను కదిలించేది ‘సెన్సర్ షిఫ్ట్’. ఈ రెండూ ఫొటో పడుతున్న క్షణంలోనే పనిచేస్తాయి. ‘ఎలక్ట్రానిక్’ పద్ధతి ప్రధానంగా వీడియో కోసం ఉద్దేశించినది. అది ఫ్రేము అంచులను కొంత కత్తిరించి, దృశ్యాన్ని సర్దుతుంది. ఒక్కో ఫ్రేములో అప్పటికే ఏర్పడిన మసకను అది తొలగించలేదు. కొన్ని చవక నమూనాల్లో ‘డిజిటల్ స్టెబిలైజేషన్’ అంటే ఐఎస్‌ఓను పెంచి షట్టర్ వేగాన్ని పెంచడం మాత్రమే. అందువల్ల చిత్రంలో గరుకుదనం పెరుగుతుంది.

స్టాప్‌ల లెక్క

చేతితో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ సమయం కటక దూరానికి విలోమంగా ఉండాలన్నది ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం. జూమ్ 100 మిల్లీమీటర్ల స్థాయిలో ఉంటే సెకనులో 1/100వ వంతు అవసరం. స్టెబిలైజేషన్ ఇచ్చే ఒక్కో ‘స్టాప్’ ఆ వ్యవధిని రెట్టింపు చేసుకునే వీలు కల్పిస్తుంది. మూడు స్టాప్‌ల సదుపాయం ఉంటే 1/100 స్థానంలో సుమారు 1/12 సెకను వరకు చేతితోనే తీయవచ్చు. ఈ సామర్థ్యాన్ని కొలిచేందుకు జపాన్‌లోని కెమెరా తయారీ సంస్థల సంఘం ‘సీపా’ 2012లో ఒక ప్రమాణాన్ని రూపొందించింది. కంపించే వేదికపై కెమెరాను అమర్చి చేసే పరీక్ష అది. మనిషి చెయ్యి యంత్రం కాదు కనుక, ప్రకటించిన స్టాప్‌లన్నీ అందరికీ అందుతాయని ఆశించరాదు.

ఇప్పుడు బతుకమ్మ ఆటనే తీసుకుందాం. వలయంగా కదిలే మహిళల ముఖాలు, చేతులు స్పష్టంగా రావాలంటే 1/125 నుంచి 1/250 సెకను వరకు వేగం కావాలి. 1/12 సెకనుకు తీస్తే నేలపై ఉంచిన పూల పేర్పు, వెనుక గోడ స్ఫుటంగా వస్తాయి; ఆడేవారు మాత్రం నీడల్లా సాగిపోతారు. అక్కడ కావలసింది ఎక్కువ వెలుతురును గ్రహించే కటకం, పెద్ద సెన్సర్. లేదంటే దగ్గరకు వెళ్లి ఫ్లాష్ వాడాలి.

రెండు కెమెరాల పోలిక

కెనాన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ 2018 నాటి నమూనా. దాని జూమ్ 40 రెట్లు. కటకం అత్యధిక అపెర్చర్ ఎఫ్/3.3. అదే సంస్థ 2019లో తెచ్చిన జీ7 ఎక్స్ మార్క్ 3లో జూమ్ 4.2 రెట్లే, అపెర్చర్ ఎఫ్/1.8. రెండింటిలోనూ ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉంది. అయితే ఎఫ్/1.8 కటకం ఎఫ్/3.3 కంటే మూడు రెట్లకు పైగా వెలుతురును లోపలికి పంపుతుంది. ఒకే ఐఎస్‌ఓ వద్ద రెండవ కెమెరా 1/60 సెకనులో తీసే దృశ్యానికి మొదటిది సుమారు 1/18 సెకను తీసుకుంటుంది. రెండవదాని సెన్సర్ వైశాల్యం కూడా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఈ లెక్క జూమ్ చేయని స్థితికి వర్తిస్తుంది. జూమ్ పెంచేకొద్దీ రెండింటిలోనూ అపెర్చర్ తగ్గుతుంది. పగటిపూట దూర దృశ్యాలకు, ప్రయాణాలకు మొదటిది అనుకూలం. సాయంత్రపు వేడుకలకు, ఇంట్లో ఆడుకునే పిల్లలకు రెండవది మేలు.

చీరల దుకాణంలో అసలు ప్రయోజనం

స్టెబిలైజేషన్ పూర్తిగా అక్కరకు వచ్చే సందర్భం సూరత్ బట్టల మార్కెట్లలో నిత్యం కనిపిస్తుంది. పరచిన చీర కదలదు. వణికేది ఫొటో తీసేవారి చెయ్యే. పైగా మన విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్ కావడంతో పాత చోక్ ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం మరీ ఎక్కువైతే ఒక ఫొటోకు, మరొక ఫొటోకు మధ్య వెలుగు, రంగు మారిపోతాయి. 1/50 లేదా 1/100 సెకను వద్ద ఈ తేడా తగ్గుతుంది. ఆ నెమ్మది వేగంలో నేత స్పష్టంగా రావడానికి స్టెబిలైజేషన్ తోడ్పడుతుంది. ఫొటో చూసి సరుకు ఎంచుకునే దూర ప్రాంత వ్యాపారికి రంగు తేడా నష్టం తెస్తుంది కనుక ఇది చిన్న విషయం కాదు.

కొనేముందు పరీక్ష

దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. జూమ్‌ను మధ్యస్థంగా ఉంచి, షట్టర్‌ను 1/15 సెకనుకు అమర్చి, అచ్చు అక్షరాలున్న పెట్టెను స్టెబిలైజేషన్ ఆపి పది ఫొటోలు, పనిచేయించి పది ఫొటోలు తీయాలి. తెరపై పెద్దవి చేసి, అక్షరాలు స్పష్టంగా ఉన్నవాటిని లెక్కించాలి. తర్వాత అదే వేగంలో నడిచివెళ్లే మనిషిని తీసి చూస్తే పరిమితి తెలిసిపోతుంది. షట్టర్ వేగాన్ని మార్చుకునే వీలు లేని నమూనా అయితే అదీ గమనించవలసిన లోపమే. స్టాండుపై పెట్టి తీసేటప్పుడు స్టెబిలైజేషన్‌ను ఆపాలా వద్దా అన్నది ఆయా కెమెరా సూచనల పుస్తకంలో చూసుకోవాలి.

తీయబోయేవి నిశ్చల వస్తువులా, కదిలే మనుషులా అన్నది ముందుగా తేల్చుకోవాలి. నిశ్చల వస్తువులకైతే మంచి ఆప్టికల్ స్టెబిలైజేషన్ చాలు. మనుషులకైతే జూమ్ రెట్లను కొంత వదులుకుని అయినా అపెర్చర్‌కు, సెన్సర్‌కు డబ్బు వెచ్చించడమే వివేకం.