తాతగారి తరిమెన

పాత ఇనుము కొనేవాడికి వస్తువు విలువ దాని బరువులోనే కనిపిస్తుంది. మా తాతగారి తరిమెనకు కూడా కిలోల లెక్కనే ధర కట్టాడు. తరిమెన అంటే కర్రను తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం. ఇప్పుడందరూ లేతు మిషన్ అంటున్నారు. బరంపురంలో మా వీధివారి మంచం కోళ్లు, కవ్వాలు, గిలక్కాయలు ఒకప్పుడు దీని మీదే తయారయ్యేవి. తాతగారు పోయాక పెరటి సావిట్లో గోనెపట్టా కింద ఉండిపోయింది.

"బాగు చేయించి ఏం చేసుకుంటారండీ?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయినా అమ్మడానికి మనసొప్పలేదు. ఇలాంటివి ఇంట్లో ఉన్నవారికి పనికొస్తుందని మేము చేసిన పని క్రమంగా రాస్తున్నాను.

ముందు చూడవలసింది తుప్పు కాదు, పగులు. పైపై తుప్పు పోతుంది కాని, పోత ఇనుము పగిలితే అతకడం కష్టం. చిన్న సుత్తితో తట్టితే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే అనుమానించాలి. మాది ఖంగుమంది. భాగాలు విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, వైరు బ్రష్షుతో తోమాం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది. అందుకని పొడిగా గీకకుండా తడిపి గీకాం. ముక్కుకు మాస్కు కట్టుకుని, పిల్లల్ని అటు రానివ్వలేదు.

ఇరుసు తిరిగే గన్‌మెటల్ బుష్షులు అరిగి వదులయ్యాయి. బేరింగులు వేయిద్దామంటే మా ఊరి ముసలి మేస్త్రీ వద్దన్నాడు. "బుష్షులే కొత్తవి పోయిద్దాం బాబూ. రోజూ నాలుగు చుక్కల నూనె వేస్తే మీ మనవల దాకా నడుస్తాయి" అన్నాడు. అలాగే చేశాం. తర్వాత రెండు వైపుల మొనలనూ దగ్గరకు జరిపి, ఒకదానికొకటి ఎదురెదురుగా కలుస్తున్నాయా అని చూశాం. 

తాతగారి కాలంలో దీన్ని కాలితో తొక్కేవారు. మేము అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు పెట్టాం. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. మోటారుకు 2 అంగుళాల పుల్లీ, ఇరుసుకు 4 అంగుళాల పుల్లీ వేస్తే వేగం సగమై 720 అవుతుంది. మంచం కోడు వంటి పనికి అది సరిపోతుంది. ఇరుసుకు 6 అంగుళాలది వేస్తే 480. లావు దుంగలకు అదే క్షేమం.

జాగ్రత్తలు మరువరాదు. బెల్టుకు తొడుగు, మోటారుకు ఎర్తింగు తప్పనిసరి. కండువా, కొంగు, వదులు జడ, చేతి తొడుగులు వద్దు. కళ్లద్దాలుండాలి. స్విచ్చి వేసేముందు కర్రను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. పాత తలుపుల టేకు వాడితే ముందు మేకులు వెతికి తీసేయాలి.

మొదట ఒక కవ్వం చేశాం. తర్వాత మా మనవరాలి కోసం అంకుడు కర్రతో బొంగరం. అంకుడు ఏటికొప్పాక బొమ్మల కర్ర. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది.

"తాతయ్యా, దీన్నేమంటారు?" అని ఆ పిల్ల ప్రతి భాగాన్నీ చూపించి అడిగింది. బడిలో ఒడియా, ఇంగ్లీషు మాట్లాడే పిల్లకు తరిమెన, ఉలి, ఇరుసు, కోడు, లక్క అన్న మాటలు ఆ ఒక్క మధ్యాహ్నం నోటికొచ్చాయి. నేను కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఒక్కటీ నిలిచేది కాదు. కొన్ని భాగాల పేర్లు నాకూ తెలియక మేస్త్రీని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆయనకు ఎనభై దాటాయి.

మీ సావిట్లోనో అటక మీదో ఇలాంటిది ఉంటే తూకానికి వేసేముందు ఒకసారి సుత్తితో తట్టి చూడండి. దాని మీద పనిచేసిన పెద్దలు ఉంటే, ఆ పేర్లు ముందు అడిగి రాసుకోండి. బుష్షులు తర్వాతైనా పోయించుకోవచ్చు.