రేడియోలో బరబర, మిక్సీలో బొగ్గుముక్క

మధ్యతరంగములపై వార్తలు వినుచున్న వేళ ఇంటిలో ఎవరో మిక్సీ తిప్పుదురు. వెంటనే రేడియోలో బరబర! శ్రోతలు నింద మాపై వేయుదురు. దోషము మాత్రము మిక్సీ కడుపులోని రెండు బొగ్గుముక్కలది. వానినే బ్రష్షులందురు.

మోటారులో గిరగిర తిరుగు భాగమునకు తీగ కట్టి విద్యుత్తు నందింప వీలుకాదు. అందుచేత ఇరుసు చుట్టును రాగి పలకలు పేర్చి, వానిపై బ్రష్షులను స్ప్రింగులతో అదిమి ఉంతురు. ఆ రాగి వలయము పేరు కమ్యుటేటరు. తొలినాళ్లలో బ్రష్షులు నిజముగనే రాగితీగల కుంచెలు. రాగిని రాగి కొరికివేయుచుండెను. 1885లో జార్జి ఫోర్బ్స్ బొగ్గు బ్రష్షులకు పేటెంటు పొందెను. బొగ్గు తాను అరిగి రాగిని కాపాడును.

బొగ్గులోని గ్రాఫైటు నున్నగ జారుటకు గాలిలోని తేమ కావలెను. రెండవ ప్రపంచయుద్ధమున మిక్కిలి ఎత్తున ఎగిరిన విమానములలో, నేలపై చిరకాలము మన్నెడి బ్రష్షులు కొద్ది గంటలలోనే పొడియైపోయెను. అచ్చటి గాలి అంత పొడిది. బేరియము ఫ్లోరైడు వంటి లవణములు చేర్చిన పిమ్మట గాని ఆ బాధ తీరలేదు. హైదరాబాదు నడివేసవిలోనైనను గాలిలో ఆపాటి తేమ ఉండును; మనకు ఆ భయము లేదు.

మనకున్న భయము అతిశుభ్రతవలన. కొంతకాలము నడచిన రాగిపై గోధుమవన్నె పొర యొకటి ఏర్పడును. అరుగుదలను తగ్గించునది అదియే. అబిడ్స్‌లోని యొక సందులో మా మిక్సీని బాగుచేయ నిచ్చితిమి. పనివాడు ఆ పొరను మురికి యనుకొని, రాగి తళతళలాడునట్లు గరుకు కాగితముతో రుద్దెను. మేమును మెచ్చుకొంటిమి! కొత్త బ్రష్షులు ఆ యేడే అరిగిపోయినవి. కాలిన మచ్చలున్ననే సన్నని ఇసుకకాగితము తగిలింపవలెను. ఎమరీ కాగితము కూడదు, నూనె చుక్క అసలే వద్దు.

స్ప్రింగు వదులైన అరుగుదల తగ్గునని తోచును. అది పొరపాటు. ఒత్తిడి చాలని బ్రష్షు ఎగిరెగిరి పడును, రవ్వలు రేగును, బొగ్గు కాలిపోవును. రేడియోలో వినబడునది ఆ రవ్వల చప్పుడే. ఒత్తిడి మితిమీరినను ఒరిపిడిచే అరుగును.

నాంపల్లికి రైళ్లను లాగుకొని వచ్చిన పాత డీజిలు ఇంజనుల చక్రముల మోటార్లకును ఈ బొగ్గుముక్కలే; షెడ్డులో వానిని పరీక్షించుట నిత్యకృత్యము. అదే నాంపల్లి మీదుగ 2018 నుండి నడచుచున్న మెట్రో మోటార్లకు బ్రష్షులే లేవు. మన సీలింగు ఫ్యానుకును లేవు. అధికభాగము మిక్సీలకు ఇంకను ఉన్నవి.

కావున బరబర మునుపటికన్న హెచ్చినచో, ప్లగ్గు తీసివేసి బ్రష్షులను చూపించుడు. మూడవవంతు మిగిలియుండగనే రెండింటిని కలిపి మార్చవలెను. అబిడ్స్ చేరువనున్న ట్రూప్ బజారుకు పోవునపుడు పాతముక్కను వెంట తీసికొనిపొండు. కొలత యొకటి కలిసిన చాలదు, బొగ్గు రకము కూడ కలియవలెను. కొత్తవి వేసిన పిదప మిక్సీని కొద్దిసేపు వట్టిగనే తిప్పి, ఆపి, మరల తిప్పుడు. ఆ పూట గట్టి మినపపిండి వేయకుడు.