చేపమందు... నెమ్మదిగా!

చేపమందు అనగానే మృగశిర కార్తె, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులుతీరిన జనం గుర్తొస్తారు. దానితో ఏమాత్రం సంబంధంలేని మరో చేపమందు గుండె ఆపరేషన్ థియేటర్లలో ఉంటుంది. దాని పేరు ప్రొటమిన్. 1874లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మీషర్ రైన్ నదిలోని సాల్మన్ చేపల వీర్యంలో దీన్ని కనిపెట్టాడు. డీఎన్ఏని మొదట వేరుచేసిందీ ఆయనే.

బైపాస్ పంపు వాడినప్పుడు రోగి రక్తం గొట్టాల గుండా యంత్రంలోకి వెళ్లివస్తుంది. దారిలో గడ్డకట్టకుండా ముందే హెపారిన్ ఇస్తారు. కిలో బరువుకి 300 నుంచి 400 యూనిట్లు. అదేమో పంది పేగుల్లోంచి వస్తుంది! పని పూర్తయ్యాక దాని ప్రభావం తీసేయకపోతే కుట్ల దగ్గర నెత్తురు ఆగదు. ఆ విరుగుడే ప్రొటమిన్. హెపారిన్‌ది ఋణావేశం, దీనిది ధనావేశం. రెండూ ఇట్టే అతుక్కుపోతాయి.

చిక్కల్లా ఇక్కడే. ఈ మందు గబగబా ఎక్కిస్తే రక్తనాళాలు వదులై బీపీ దభాలున పడిపోతుంది. గండం గట్టెక్కిందనుకునే వేళ, ఇంకా పూర్తిగా తేరుకోని గుండెకి ఇది గట్టి దెబ్బే. కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. అరుదుగా ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుపోయి గుండె కుడిభాగం చేతులెత్తేస్తుంది. అది ప్రాణాలమీదికి తెస్తుంది.

అందుకే మత్తు డాక్టర్లు తొందరపడరు. మొదట కొద్దిగా ఇచ్చి మానిటర్ వంక చూస్తారు. తేడా లేదంటేనే మిగతాది పది నిమిషాలో, ఇంకా ఎక్కువో తీసుకుని ఎక్కిస్తారు. మోతాదూ లెక్కగానే ఉండాలి. ఎక్కువైతే ఈ విరుగుడే రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. బీపీ తగ్గితే మందు ఆపేస్తారు, పెంచే ఇంజెక్షన్లు పక్కనే ఉంటాయి. అవసరమైతే మళ్లీ హెపారిన్ ఇచ్చి రోగిని పంపు మీదికి తీసుకెళ్లేందుకు యంత్రాన్నీ సిద్ధంగా ఉంచుతారు.

ముప్పు ఎవరికి ఎక్కువ? ఈ ప్రశ్నకి జవాబు చాలా ఇళ్లల్లో ఫ్రిజ్‌లోనే ఉంది. 1936లో డెన్మార్క్ వైద్యుడు హాగెడార్న్ ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేయడానికి అందులో ప్రొటమిన్ కలిపాడు. ఇప్పటికీ ఎన్‌పీహెచ్, 30/70 రకాల్లో అది ఉంటుంది. అరచేతుల మధ్య దొర్లించి వాడే, పాలలా కనిపించే మందు అదే. ఏళ్ల తరబడి దాన్ని పొడిపించుకున్నవారిలో కొందరి ఒంట్లో ప్రొటమిన్‌ని శత్రువుగా చూసే యాంటీబాడీలు తయారవుతాయి. చేపలు పడనివారు, గతంలో ప్రొటమిన్ తీసుకున్నవారూ జాగ్రత్తపడాలి. వేసెక్టమీ చేయించుకున్న మగవారినీ పుస్తకాలు ఈ జాబితాలో చేరుస్తాయి గానీ, ఆ భయం చాలావరకు కాగితం మీదిదే.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు వచ్చినప్పుడు ‘షుగరుంది, ఇన్సులిన్ వాడుతున్నా’ అంటే సరిపోదు. ఏ రకమో చెప్పాలి. పేరు గుర్తులేకపోతే సీసా చూపిస్తే చాలు.