రాతితో వచ్చు అతిథులు

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ సీమలో, న్యూకీ అను తీరపట్టణము కలదు. అచ్చటి బ్లూ రీఫ్ అక్వేరియములో, పగడపుదిబ్బను పోలునట్లు అమర్చిన ఒక గాజుతొట్టెలో, అంతుపట్టని ఉపద్రవము కొంతకాలము సాగినది. చేపలు గాయపడుచుండెను, కొన్ని మాయమగుచుండెను. పగడములు కత్తితో కోసినట్లు తెగిపడుచుండెను. తుదకు 2009 మార్చిలో ఉద్యోగులు తొట్టెలోని అమరికను విప్పి చూడగా, నాలుగడుగుల పురుగొకటి బయటపడినది! దాని వాడుకపేరు బాబిట్ పురుగు. ఇసుకలో ఒడలు దాచుకొని, అయిదు మీసములు మాత్రము పైకి నిలిపి, చేప సమీపించినంతనే కత్తెరవంటి దవడలతో పట్టి లోనికి లాగుకొనుట దాని విద్య. దానిని ఎవరును కోరి తెచ్చినవారు కారు. పసితనముననే ఏ రాతి సందుననో దాగి వచ్చియుండవలెను.

ఇట్టి తొట్టెలలో వాడు రాతిని పెంపకందార్లు 'సజీవశిల' యందురు. నిజమునకది చచ్చిన పగడముల అస్థిపంజరము. దాని రంధ్రములలో నివసించు సూక్ష్మజీవులు, చేపల విసర్జనమువలన పుట్టు అమ్మోనియాను మార్చి, నీటిని నిర్విషము చేయును. ఆ రంధ్రములే పీతలకును పురుగులకును ఇండ్లు. తిథి చెప్పక వచ్చువాడు అతిథి యని మనవారు చెప్పు వ్యుత్పత్తి వీనికి చక్కగా అతుకును. అయితే అతిథులందరును ఒక్క స్వభావముగలవారు కారు.

ముండ్లపురుగును చూచినంతనే చంపబూనువారు మెండు. దాని నూగుముండ్లు గ్రుచ్చుకొన్న మంటపుట్టుట నిజమే. కాని వానిలో పెక్కు జాతులు మిగిలిన మేతను, చచ్చిన జీవులను తిని తొట్టెను శుభ్రపరచునవి. చచ్చిన చేపపై వానిని చూచి హంతకులని నిందించుట, కళేబరముపై వ్రాలిన కాకిమీద హత్యానేరము మోపుటవంటిది. మరి అయిప్టేషియా యనునది పూవువలె విచ్చుకొని కన్నులపండువు చేయును. విషతంతువులతో పొరుగు పగడములను కాల్చును. విసిగి దానిని చిదిమినచో, మిగిలిన తునకయు మరల మొలవగలదు. రక్తబీజుని కథ చదివినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు. గుర్తింపక చేసిన యుద్ధము, ఒకచో మిత్రుని చంపును. వేరొకచో శత్రువును పెంచును.

గుర్తించుటకు వ్యవధి కావలెను. అందుకే మెలకువగలవారు క్రొత్త రాతిని, పగడమును ముందుగా వేరొక చిన్నతొట్టెలో కొన్ని వారములు నిలుపుదురు. దీపములార్పిన పిదప, మసక ఎర్రని వెలుగున, ఏది ఎచ్చటనుండి వెడలునో కనిపెట్టుదురు. ఈ నిలుపుదల పాత రేవుల ఆచారమే. 1377లో రగూసా నగరము తెగులుభయమున ఆగంతుకులను ముప్పదిదినములు వెలుపల నిలిపినది. పిదప గడువు నలువది దినములై, ఆ ఇటలీ సంఖ్యనుండియే 'క్వారంటైన్' అను మాట పుట్టినది. ఒక్కసారి మందునీట ముంచిన చాలదా యని కొందరడుగుదురు. చాలదు. అక్రోపోరా పగడమును తిను చదునుపురుగులు మందునకు రాలిపోవును గాని, వాని గ్రుడ్లు రాలవు. అవి పిల్లలగువరకు ఆగి, మరల ముంచవలెను.

పట్టుబడినదానిని సముద్రమున విడుచుట దయ యని తలచువారును లేకపోలేదు. 1984లో మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాల చెంత, నీటిలో, ఒక చదరపుమీటరు మేర కాలెర్పా యను అక్వేరియపు పచ్చనినాచు కనబడినది; క్రమముగా అది మధ్యధరాసముద్రమున వేల హెక్టారులకు ప్రాకినది. 2000లో కాలిఫోర్నియా తీరమున అదే నాచు తలయెత్తగా, నిర్మూలమైనదని ప్రకటించుటకు 2006 వరకు పట్టినది.